లోడింగ్ స్టాండు, సీసం గుండు, చివరికి టోపీ: పాఠకుల ప్రశ్నలు

టోపీ రివాల్వర్ల మీద పోయిన నెల వేసిన పరిచయానికి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒక్క పనిముట్టు చుట్టూనే తిరిగాయి. ఆ పరిచయం చదవని వాళ్ల కోసం రెండు మాటలు. ఈ రివాల్వర్‌కి ఇత్తడి తూటా ఉండదు. సిలిండర్ అంటే ఇక్కడ గ్యాస్ బండ కాదు, ఆరు చాంబర్లున్న ఇనుప దిమ్మ. ఒక్కో చాంబర్లో ముందు వైపు నుంచి తుపాకీ మందు పోసి, దాని మీద సీసం గుండు దట్టించి, వెనక నిపుల్ (సన్నటి రంధ్రం ఉన్న చిన్న మొన) మీద, సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ తొడుగుతారు. గుండును లోపలికి నొక్కడానికి గొట్టం కిందనే ఒక లీవర్ ఉంటుంది. అది వాడకుండా సిలిండర్‌ని ఊడదీసి, బల్ల మీద వేరే స్టాండులో నిలబెట్టి దట్టించడం రెండో పద్ధతి. ఉత్తరాలన్నీ దీని గురించే.

ఇంకో మాట. చాలామంది బ్లాక్ పౌడర్‌ని "నల్లమందు" అని రాశారు. మన భాషలో నల్లమందంటే అభిని. తుపాకీ మందు అని రాయండి, మీ ఉత్తరం ఎక్సైజ్ వాళ్ల కంట పడ్డా భయం ఉండదు.

ప్రశ్న (దేవరకొండ): మా తమ్ముడు హ్యూస్టన్ దగ్గర ఉంటడు. శని, ఆదివారాలు క్లబ్బుల పాతకాలం రివాల్వర్ కాలుస్తడు. గొట్టం కింద లీవర్ ఉండంగ, సిలిండర్ బయటికి తీసి వేరే స్టాండు మీద కూరుతున్నడు. ఉన్న లీవర్ పక్కకు పెట్టి ఈ రెట్టింపు పని ఎందుకు?

జవాబు: మీ తమ్ముడి దగ్గర ఏ నమూనా ఉందో రాయలేదు. జవాబులో సగం దాని మీదే ఉంటుంది.

రెమింగ్టన్ 1858 నమూనా అయితే అది రెట్టింపు పనే కాదు. సుత్తిని (పాతవాళ్లు తుపాకీ గుర్రం అనేవాళ్లు) సగం ఎత్తి, లీవర్ కిందికి దించి, ఇరుసు పిన్ను ముందుకు లాగితే సిలిండర్ పక్క నుంచి దొర్లి చేతిలోకి వస్తుంది. కోల్ట్ 1851 నేవీ, 1860 ఆర్మీ నమూనాలు అట్లా కాదు. గొట్టాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే అడ్డ చీలను తట్టి తీయాలి, గొట్టం మొత్తం ముందుకు లాగాలి, అప్పుడు గానీ సిలిండర్ రాదు. గొట్టం బిగుసుకుంటే లీవర్ కొనను రెండు చాంబర్ల మధ్య గోడ మీద ఆనించి నొక్కుతారు. అంటే ఏ లీవర్‌కి విశ్రాంతి ఇద్దామనుకున్నారో దానితోనే మళ్లీ పని. పైగా రోజుకు పదిసార్లు తీసి పెడితే ఆ చీల అంచులు అరుగుతాయి. అందుకే కోల్ట్ ఉన్నవాళ్లు స్టాండు కొనే ముందు ఒకసారి ఆలోచించుకోవాలి. ఉక్కు ఫ్రేము కోల్ట్‌తో వారానికి ముప్పై గుండ్లు కాల్చే మనిషికి దాని లీవరే చాలు.

స్టాండు నిజంగా పనికొచ్చే సందర్భాలు మూడు, నాలుగు ఉన్నాయి. గురి పోటీలకు వెళ్లేవాళ్లకు ఆరు చాంబర్లూ ఒకే ఒత్తిడితో నిండాలి. తుపాకీ చేతిలో పట్టుకొని లీవర్ లాగితే చేతి కోణం మారినప్పుడల్లా ఒత్తిడి మారుతుంది. స్టాండులో సిలిండర్ నిట్టనిలువుగా ఉంటుంది, ఏ చాంబర్లో మందు ఎంత ఎత్తుందో కంటికి కనిపిస్తుంది. పొడుగు ముక్కు గుండ్లు, కాగితం తూటాలు (మందు, గుండు కలిపి కాగితంలో చుట్టినవి) కొన్ని నమూనాల్లో గొట్టం కింద ఉన్న సందులో పట్టవు, అవి కూడా బయటే కూరాలి. చిన్న నమూనాలు కొన్నింటికి అసలు లీవరే లేదు. బేబీ డ్రగూన్ యజమాని సిలిండర్ ఊడదీసి, దాని ఇరుసుతోనే గుండు నొక్కుకునేవాడు. ఆ మాటకొస్తే ఇది కొత్త తెలివి కాదు. 1836లో పేటెంట్ పొందిన కోల్ట్ తొలి ప్యాటర్సన్ రివాల్వర్లకు లీవర్ లేదు, విడి పనిముట్టుతోనే దట్టించేవాళ్లు. లీవర్ 1839లో వచ్చింది.

ఇత్తడి ఫ్రేము నమూనాల గురించి ఒక అపోహ ఉంది. స్టాండు వాడితే ఫ్రేము సాగదని చాలామంది అంటారు. లీవర్ నొక్కుడు ఫ్రేము మీద కొంత భారం వేసే మాట నిజమే, కానీ ఇత్తడిని సాగదీసేది ముఖ్యంగా ఎక్కువ మందు పోసి కాల్చడం. 30 గ్రెయిన్లు (సుమారు రెండు గ్రాములు) మందు పోస్తూ స్టాండు వాడేవాడి ఫ్రేము కంటే, 18 గ్రెయిన్లతో లీవర్ వాడేవాడి ఫ్రేము ఎక్కువ కాలం నిలుస్తుంది.

ప్రశ్న (మిర్యాలగూడ): మాది లేత్ షాపు. రైస్ మిల్లు షాఫ్టులు, బుష్షులు తిప్పడం రోజువారీ పని. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఫొటోలు పంపి, "మామా, ఇట్లాంటి లోడింగ్ స్టాండు ఒకటి చేసిపెట్టు, డిసెంబర్ల వచ్చినప్పుడు పట్టుకపోత" అంటున్నడు. ఫొటోల్లో కొలతలు లేవు. కావాలంటే సిలిండరే కొరియర్‌లో పంపిస్తానంటున్నడు. ఏ కొలతలు అడగాలి? ఎక్కడ తప్పు జరుగుతది?

జవాబు: ముందు కొరియర్ మాట. సిలిండర్ పంపించొద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీ భాగం కూడా ఆయుధమే. అక్కడ దుకాణంలో మామూలుగా దొరికే వస్తువు ఇక్కడ కస్టమ్స్‌లో దొరికితే కేసు. అదే చట్టం ఆయుధాలు, మందుగుండు తయారుచేసే యంత్రాలను కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది, ఆ మాటల వెడల్పు పెద్దది. కాబట్టి డ్రాయింగు పట్టుకొని జిల్లా ఆయుధ లైసెన్సు అధికారిని అడిగి, అభ్యంతరం లేదని కాగితం మీద తీసుకున్నాకే లేత్ తిప్పండి. కుదరదంటే ఇదే డ్రాయింగుతో మీవాడు అక్కడే చేయించుకోవచ్చు, పెద్ద పని కాదు.

అతన్ని వెర్నియర్‌తో అయిదు కొలతలు తీసి పంపమనండి. ఇరుసు పట్టే మధ్య రంధ్రం వ్యాసం. చాంబర్ మూతి వ్యాసం. సిలిండర్ పొడవు. వెనక ముఖం నుంచి నిపుళ్లు ఎంత బయటికి ఉన్నాయి. అయిదోది అన్నిటికంటే ముఖ్యం: మధ్య రంధ్రం కేంద్రం నుంచి చాంబర్ కేంద్రానికి దూరం. దీన్ని నేరుగా కొలవలేరు. ఎదురెదురుగా ఉన్న రెండు చాంబర్ల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి ఒక చాంబర్ వ్యాసం తీసేసి, సగం చేయాలి. ఉదాహరణకు అంచు నుంచి అంచుకు 36.0 మి.మీ., చాంబర్ 11.4 మి.మీ. అయితే 24.6 వస్తుంది, సగం 12.3 మి.మీ. మీ స్టాండులో నిలువు పిన్ను కేంద్రానికీ నొక్కే కడ్డీ కేంద్రానికీ మధ్య అంతే దూరం ఉండాలి. ఒకే పేరున్న నమూనాలో కూడా పియెట్టా, ఉబెర్టీ (పాత రివాల్వర్లకు నకళ్లు చేసే ఇటలీ కంపెనీలు) సిలిండర్ల కొలతలు ఒకటిగా ఉండవు. ఫొటో చూసి అంచనా వేయకండి.

అడుగు పలక 10 మి.మీ. మందం మైల్డ్ స్టీల్, 150 పొడవు, 100 వెడల్పు చాలు. నాలుగు మూలలా రంధ్రాలు వేస్తే బల్లకు బోల్టు చేసుకుంటాడు. బోల్టు లేని స్టాండు లీవర్ నొక్కినప్పుడల్లా ఎగురుతుంది. నిలువు పిన్ను మధ్య రంధ్రం కంటే 0.05 నుంచి 0.1 మి.మీ. మాత్రమే తక్కువ తిప్పండి. వదులైతే సిలిండర్ ఒక పక్కకు ఒరిగి గుండు వంకరగా దిగుతుంది.

పిన్ను చుట్టూ నిపుళ్ల కింద గుండ్రటి గాడి తీయాలి. వెడల్పు 12 మి.మీ., లోతు నిపుల్ ఎత్తు కంటే 2 మి.మీ. ఎక్కువ. నొక్కుడు భారం నిపుళ్ల మీద పడకూడదు. పడితే వాటి మొనలు నలిగి టోపీలు సరిగా కూర్చోవు. భారమంతా సిలిండర్ వెనక మధ్య భాగం మీద పడుతుంది, అక్కడే తిప్పుడు పళ్లుంటాయి. ఆ పళ్లు ఇనుము మీద ఆనితే అంచులు దెబ్బతిని సిలిండర్ తిరిగే లెక్క తప్పుతుంది. వాటి కింద నైలాన్ వాషరు గానీ మెత్తటి ఇత్తడి వాషరు గానీ వేయండి.

నొక్కే కడ్డీ 12 మి.మీ. రాడ్, దాన్ని నిలబెట్టే బుష్ ఇత్తడిది. కడ్డీ కొనకు విడిగా ఇత్తడి ముక్కు మర బిగించండి. .44 రివాల్వర్‌కి ముక్కు వ్యాసం 10.8 మి.మీ., .36కు 9 మి.మీ. దగ్గర ఉంటే చాంబర్ గోడకు తగలదు (ఈ అంకెలు గొట్టం సైజును అంగుళాల్లో చెప్పే పేర్లు). ముక్కు లోపలికి గిన్నెలా ఉండాలి. .44 గుండుకు ఆ గిన్నె వ్యాసార్ధం 5.75 మి.మీ. తీసుకోండి. చదునుగా వదిలేస్తే గుండు నెత్తి పలకబారుతుంది. గిన్నె అంచును మాత్రం కత్తిలా వదలొద్దు, అరమిల్లీ చదును ఉంచి బఫ్ పట్టండి, లేకపోతే గుండు మీద గుండ్రటి గాటు పడుతుంది.

లీవర్ 25×6 పట్టీ, 280 మి.మీ. పొడవు. ఇరుసు బోల్టు నుంచి కడ్డీకి 40 మి.మీ. పెడితే ఏడింతలు. చేత్తో పది కిలోలు నొక్కితే గుండు మీద డెబ్బై కిలోలు పడుతుంది, మెత్తటి సీసానికి అది ధారాళం. లీవర్ చాపంగా తిరుగుతుంది, కడ్డీ తిన్నగా దిగుతుంది. కాబట్టి లీవర్‌లో కడ్డీ పిన్ను పట్టే చోట గుండ్రటి రంధ్రం వద్దు, పొడుగు స్లాటు తీయండి. మొదటిసారి చేసేవాళ్లు తప్పుపోయేది ఇక్కడే. రంధ్రం వేస్తారు, సగం దిగాక లీవర్ బిగుసుకుంటుంది, బుష్ లూజు చేస్తారు, ఇంక కడ్డీ వంకర పోతుంది.

లోతు ఆపే కాలర్ పెట్టమంటాడు మీవాడు. పెట్టండి, కానీ దాని పని చెప్పి పంపండి. కాలర్ ఉన్నది మందును పిండి చేయకుండా ఆపడానికే. మామూలుగా కడ్డీ ఆగాల్సింది మందు మీద, కాలర్ మీద కాదు. ఒక చాంబర్లో మందు తక్కువ పడి కాలర్ దగ్గర కడ్డీ ఆగిపోతే గుండుకూ మందుకూ మధ్య ఖాళీ మిగులుతుంది. తుపాకీ మందులో ఖాళీ ప్రమాదం, గొట్టమో చాంబరో ఉబ్బే అవకాశం ఉంటుంది.

చేశాక పరీక్షకు సిలిండర్ నకలు తిప్పొద్దు. 20 మి.మీ. మందం నైలాన్ బిళ్లలో మధ్య రంధ్రం ఒకటి, 12.3 దూరంలో చాంబర్ రంధ్రం ఒకటి వేసి, కడ్డీ గోడకు తగలకుండా దిగుతుందో లేదో చూసుకుంటే చాలు.

ప్రశ్న (వనపర్తి): గ్రెయిన్ల లెక్క అర్థం కాదు. గ్రాముల్లో చెప్పండి. ఏ రివాల్వర్‌కి ఎంత మందు, ఏ గుండు?

జవాబు: 15.43 గ్రెయిన్లు ఒక గ్రాము. .36 నేవీకి 15 నుంచి 20 గ్రెయిన్లు, అంటే 0.97 నుంచి 1.30 గ్రాములు, గుండు .375 అంగుళాలు (9.53 మి.మీ.). .44 ఆర్మీ నమూనాలకు 20 నుంచి 30, అంటే 1.30 నుంచి 1.94 గ్రాములు, గుండు .451 లేదా .454 (11.46 లేదా 11.53 మి.మీ.). ఇత్తడి ఫ్రేము అయితే కింది అంకె దగ్గరే ఆగాలి. 1847 వాకర్ చాంబర్ 60 గ్రెయిన్ల దాకా పడుతుంది, ఆ కాలంలో చాలా వాకర్ సిలిండర్లు పగిలాయి కూడా. మందు మూడు ఎఫ్‌ల (FFFg) రకం, అంటే సన్న పలుకుది. ఆధునిక పొగలేని మందు ఒక్క చిటికెడు కూడా వద్దు, సిలిండర్ పగులుతుంది.

కంసాలి త్రాసులో తూచక్కర్లేదు. అక్కడివాళ్లు ఇత్తడి గొట్టం కొలతతో పోస్తారు, బరువు కాదు పరిమాణం. మందు సీసా నుంచి నేరుగా చాంబర్లోకి పోయకూడదు. చాంబర్ అడుగున నిప్పు రవ్వ మిగిలి ఉంటే మంట సీసాలోకి పాకుతుంది. ముందు కొలతలోకి, కొలత నుంచి చాంబర్లోకి.

గురి కోసం .44లో 15 గ్రెయిన్లే పోసేవాళ్లున్నారు. అప్పుడు గుండు చాంబర్ లోతుకు దిగిపోయి గొట్టం దాకా ఎక్కువ దూరం గెంతాలి, గురి చెదురుతుంది. ఆ ఎడం నింపడానికి అమెరికాలో క్రీమ్ ఆఫ్ వీట్ అనే గోధుమ నూక పోస్తారు. మనకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే సన్న బొంబాయి రవ్వ. మందు మీద 10 నుంచి 15 గ్రెయిన్ల పరిమాణం రవ్వ, దాని మీద గుండు. రవ్వను మందుతో కలపకూడదు, పైన పొరగానే ఉండాలి. ఉప్మాకి వేయించిన రవ్వ వద్దు, నూనె తడి ఉంటుంది.

ప్రశ్న (నకిరేకల్): టైర్ల షాపులో చక్రాలకు కొట్టే బ్యాలెన్సింగ్ బరువులు సీసమే కదా, వాటితో గుండ్లు పోస్తే ఏం?

జవాబు: అది ఒట్టి సీసం కాదు, ఆంటిమొనీ కలిసి గట్టిపడ్డ సీసం. ఇప్పుడు చాలావాటిలో జింకు, ఇనుము కూడా వస్తోంది. శుద్ధ సీసం బ్రినెల్ గట్టిదనం 5 దగ్గర ఉంటుంది, చక్రాల సీసం 11, 12 దగ్గర. గట్టి గుండును చాంబర్ మూతి చెక్కలేదు. లీవర్‌తో బలంగా నొక్కితే లీవర్ మర వంగుతుంది, స్టాండులో నొక్కితే పిన్ను వంగుతుంది. గోటితో గీస్తే గీత పడే సీసమే పనికొస్తుంది. పాత బ్యాటరీ పలకల సీసం కరిగించడం గురించి కూడా ఇద్దరు అడిగారు. ముట్టుకోవద్దు. దాని నుంచి వచ్చే ఆర్సెనిక్, ఆంటిమొనీ విషవాయువులు మనిషిని పడేస్తాయి. గుండ్లు పోయడం ఇక్కడ లైసెన్సు వ్యవహారం కూడా.

ప్రశ్న (గద్వాల): ఒక వీడియోలో ఒక్క గుండు కాలిస్తే పక్క చాంబర్లన్నీ కలిసి పేలాయి. స్టాండు మీద కూరితే ఇట్లా కాదా?

జవాబు: దాన్ని చెయిన్ ఫైర్ అంటారు. మంట రెండు వైపుల నుంచి పాకవచ్చు. ముందు నుంచి పాకితే గుండు వదులని అర్థం. వెనక నుంచి పాకితే టోపీ వదులుగా ఉందని గానీ, మరిచారని గానీ అర్థం. ముందా వెనకా అని అక్కడి షూటర్లు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. రెండూ మూసుకుంటే వాదనతో పని లేదు.

ముందు వైపు చూసుకోవడంలో స్టాండుది పైచేయి. గుండు చాంబర్ మూతి కంటే కొంచెం పెద్దది. కడ్డీ నొక్కుతుంటే మూతి అంచు గుండు నడుం చుట్టూ ఉన్న సీసాన్ని చెక్కుతుంది. సరిగా దిగితే మూతి మీద సన్నటి సీసం ఉంగరం మిగులుతుంది. గోటితో ఒక మూల ఎత్తితే తెగకుండా మొత్తం చుట్టూ లేచి వస్తుంది, వెడల్పు అంతటా ఒకటే. ఒక పక్క లావుగా, ఇంకో పక్క తెగిపోయి అర్ధచంద్రంలా వస్తే గుండు వంకరగా దిగింది. అసలు ఉంగరమే రాకపోతే గుండు చిన్నది. ఉబెర్టీ చాంబర్లు .450 దగ్గర ఉంటాయి, వాటిలో .451 గుండు పెడితే ఉంగరం దారప్పోగులా వస్తుంది. అక్కడ .454 వాడాలి. గుండు పోతపోసిన బొడిపె పైకి ఉండాలి. పక్కకు ఉంటే అది గోడకు ఆని సందు వదులుతుంది. ఆరు ఉంగరాలు లెక్కపెట్టి బల్ల మీద పేర్చుకోండి. అయిదే ఉంటే ఒక చాంబర్ మళ్లీ చూడాలి.

గుండు మూతికి ఒకటి, ఒకటిన్నర మిల్లీ కిందికి దిగాలి. పైకి పొడుచుకు ఉంటే సిలిండర్ తిరిగేటప్పుడు గొట్టం వెనక అంచుకు తగిలి ఆగుతుంది.

వెనక వైపుకు విరుగుడు టోపీయే. నిపుల్ మీద టోపీ బిగుతుగా కూర్చోవాలి. నంబర్ 10, నంబర్ 11 అని రెండు సైజులు వస్తాయి. వదులుగా ఉన్నదాన్ని నొక్కి అండాకారం చేసి తొడుగుతారు చాలామంది. దానికంటే నిపుల్‌కి సరిపోయే సైజు కొనడం నయం. కట్టె పుల్లతో నొక్కాలి, సుత్తి దించి నొక్కకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, స్టాండు మీద ఉన్నంతసేపు టోపీ ఉండకూడదు. సిలిండర్ తిరిగి తుపాకీలోకి వెళ్లి, గొట్టం గురి వైపు తిరిగి, కాల్చే గీత మీద నిలబడ్డాకే టోపీల డబ్బా మూత తీయాలి. స్టాండులో నిపుళ్లు కిందికి ఉంటాయి. టోపీ తొడిగి మరిచిపోతే కడ్డీ నొక్కుడుకు అది పేలి, గుండు నేరుగా పైకి, అంటే లీవర్ మీద వంగిన మనిషి ముఖం వైపు వస్తుంది.

ప్రశ్న (అచ్చంపేట): గుండు మీద కొవ్వు రాస్తారంటారు. మా దగ్గర నల్లమల తేనెమైనం బాగా దొరుకుతది. అది పనికొస్తదా?

జవాబు: చాలా బాగా. అక్కడివాళ్లు గుండు మీద క్రిస్కో అనే వనస్పతి పూస్తారు, మన డాల్డా లాంటిది. ఒక గుండు కాలిస్తే పక్క చాంబర్ల మీద డాల్డా ఎగిరి చేతుల మీద పడుతుంది. ఎండలో కరిగి జారుతుంది కూడా. తేనెమైనం, ఉప్పు కలవని గొర్రె కొవ్వు కలిపి, 3 మి.మీ. మందం ఉన్ని బిళ్లలకు పట్టించి, మందుకూ గుండుకూ మధ్య పెట్టడం అంతకంటే శుభ్రం. గొట్టంలో పేరుకునే మసి మెత్తబడుతుంది.

పాళ్లు వాతావరణాన్ని బట్టి మారాలి. గొర్రె కొవ్వు సుమారు 45 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తేనెమైనం 62 నుంచి 64 దగ్గర. టెక్సాస్ ఎండాకాలమైనా మన మే నెల అయినా కారులో పెట్టిన డబ్బా 45 దాటుతుంది. చలికాలానికి రెండు పాళ్లు కొవ్వు, ఒక పాలు మైనం. ఎండాకాలానికి సగం సగం. నేరుగా మంట మీద కరిగించొద్దు, నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించాలి. బిళ్లలు ముంచి తీసి పిండితే చాలు, కారేటంత ఉండకూడదు. కారే బిళ్ల కింద మందు తడిసి మర్నాటికి పేలదు. అందుకే దట్టించిన సిలిండర్‌ని ఎండలో పెట్టి భోజనానికి వెళ్లకూడదు.

ప్రశ్న (హాలియా): మందు పోయడం మరిచి గుండు కూరేస్తే ఏం చేస్తారు?

జవాబు: అక్కడ అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. టోపీ ఒక్కటే పేలితే గుండు సగం గొట్టంలోకి దూరి, సిలిండర్ అక్కడే బిగుసుకుంటుంది. స్టాండు మీద ఉండగానే గుర్తిస్తే పని సులువు. ఆ చాంబర్లో గుండు మిగతా వాటికంటే బాగా లోపలికి దిగి ఉంటుంది. సిలిండర్ తీసి, ఆ ఒక్క నిపుల్ మర విప్పి, వెనక రంధ్రంలోంచి సన్నటి ఇత్తడి పుల్లతో గుండును ముందుకు తోస్తే వచ్చేస్తుంది. లోపల మందు ఉందేమోనని ఏ మాత్రం అనుమానం ఉన్నా ముందు నిపుల్ రంధ్రంలో నీళ్లు పోసి, మందు తడిశాకే పుల్ల పెట్టాలి.

ప్రశ్న (కొల్లాపూర్): మా ముత్తాత కాలం నాటి టోపీ రివాల్వర్ పెట్టెలో దొరికింది. పని చేస్తదో లేదో తెలవదు. పాత వస్తువు కదా, లైసెన్సు అక్కర్లేదంటున్నరు.

జవాబు: ఆయుధాల చట్టం 45వ సెక్షన్ వదిలేసేది, బాగుచేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరాని పాతవాటినే. బాగుచేస్తే కాలుతుందంటే అది ఆయుధమే. పనికిరాదని తేల్చేది మీరూ మీ ఊరి కమ్మరీ కాదు. 21వ సెక్షన్ ప్రకారం దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోండి. ఆ తర్వాత హక్కు గురించి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అప్పటిదాకా ఒక జాగ్రత్త. ముందు నుంచి చూస్తే చాంబర్లలో బూడిద రంగు గుండు ముఖం కనిపిస్తుందేమో పక్క నుంచి టార్చి వేసి చూడండి, గొట్టం ఎదురుగా కన్ను పెట్టకండి. వెనక నిపుళ్ల మీద పచ్చటి చిలుము పట్టిన చిన్న టోపీలు ఉన్నా అంతే. దశాబ్దాలు గడిచినా తడి తగలని తుపాకీ మందు కాలుతుంది. టోపీలు గీకొద్దు, సుత్తి ఎత్తొద్దు, నూనె పోయొద్దు. మీదపడి సర్దకుండా స్టేషన్‌కి ఫోన్ చేసి వాళ్లనే రమ్మనండి.

ప్రశ్న (మహబూబ్‌నగర్): రెండు మూడు అదనపు సిలిండర్లు ఇంట్లోనే స్టాండు మీద దట్టించి క్లబ్బుకు తీసుకెళ్తే సమయం కలిసొస్తుంది కదా అని మా అన్న (అట్లాంటా) అంటున్నాడు. మంచిదేనా?

జవాబు: సమయం కలిసొచ్చేది నిజమే. చాలా క్లబ్బుల నిబంధనలు మాత్రం దట్టించడం క్లబ్బు బల్ల దగ్గరే జరగాలంటాయి. మీ అన్నయ్య ముందు అది కనుక్కోవాలి. అమెరికా ఫెడరల్ చట్టం ఈ టోపీ రివాల్వర్ల నకళ్లను ఫైర్‌ఆర్మ్ లెక్కలోకి తీసుకోదు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు, దట్టించిన సిలిండర్‌ని కారులో తిప్పడం మీద నియమాలూ వేరు. వీసా మీద ఉన్న మనిషి తన రాష్ట్రం సంగతి స్థానిక వకీలుని అడిగి తేల్చుకోవాలి.

క్లబ్బు ఒప్పుకుంటే కూడా టోపీలు తొడిగిన సిలిండర్ చేతిలోనో జేబులోనో ఉండకూడదు. అది కిందపడి నిపుల్ నేలకు తగిలితే గొట్టం లేకుండానే గుండు బయటికి వస్తుంది, ఏ దిక్కుకో చెప్పలేం. పెట్టెలో సిలిండర్‌కి చెక్క గూడు, నిపుళ్లు దేనికీ తగలకుండా. టోపీల డబ్బా వేరే జేబులో. ఒక సిలిండర్ కాల్చాక రెండోది పెట్టే ముందు ఇరుసును తడి గుడ్డతో ఒకసారి తుడవమనండి. రెండు మూడు రౌండ్లయ్యాక మసి గట్టిపడి సిలిండర్ తిరగనిది అక్కడే. సాయంత్రం ఇంటికి రాగానే వేడి నీళ్లు, సబ్బుతో అన్ని సిలిండర్లూ కడిగి, నిపుళ్లు విప్పి ఆరబెట్టి, పల్చగా నూనె రాయాలి. ఆ మసి గాలిలో తేమను పీల్చుకుంటుంది, మర్నాడు చూద్దామంటే చాంబర్ గోడ మీద ఎర్రటి తుప్పు కనిపిస్తుంది.